పేర్లు పెట్టిన నోళ్లే ఆమె పేరు చెప్పుకుంటున్నాయి

ఉప్పల్‌లో టి20 అనగానే చిన్నపిల్లలకు కూడా గుర్తుకు వచ్చేది క్రికెట్. రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ స్టేడియంలో దీపాలు వెలిగిన రాత్రి చుట్టుపక్కల దారులన్నీ జనంతో నిండిపోతాయి. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకొని వచ్చే కార్మికుడు ఇల్లు చేరడానికి మరో గంట ఆలస్యమవుతుంది. అయినా విసుక్కోడు. ఎవరు గెలుస్తున్నారని పక్కవానిని అడుగుతాడు. మన పేటల్లో ఆ ఆటకున్న ఆదరణ అటువంటిది.

అయితే క్రీడాలోకంలో మరొక టి20 ఉన్నది. అది ఇరవై ఓవర్ల ఆట కాదు. మేధో వైకల్యం గల క్రీడాకారులు పరుగు పందెంలోను, లాంగ్ జంప్‌లోను పోటీపడే వర్గానికి పారాలింపిక్ సంస్థ పెట్టిన గుర్తు అది. ఆ టి20లో ప్రపంచ రికార్డు సృష్టించిన అమ్మాయి మన తెలంగాణ బిడ్డ. ఆమె పేరు జీవంజి దీప్తి. ఊరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ. వరంగల్ రహదారి హైదరాబాదులోకి ప్రవేశించేది మన ఉప్పల్ మీదుగానే. ఆ దారిన వచ్చి ప్రపంచాన్ని గెలిచిన బిడ్డ పేరు మన వీధుల్లో ఎందరికి తెలుసు?

పాఠకులారా! ఆమె కథను చదివి చప్పట్లు కొట్టి మరచిపోవడానికి కాదు ఈ వ్యాసం. ప్రతి పేటలోను, ప్రతి బడిలోను, ప్రతి మదరసాలోను పాఠం త్వరగా పట్టుబడని పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. వారిని మనం ఏమని పిలుస్తున్నాము, ఎలా చూస్తున్నాము అనే ప్రశ్న ఆమె జీవితం మన ముందు ఉంచుతున్నది.

కల్లెడలో బాల్యం

దీప్తి 2003 సెప్టెంబరు 27న జన్మించింది. తల్లిదండ్రులు కూలి పని చేసుకొని బ్రతికేవారు. ఉన్న కొద్దిపాటి భూమి కూడా అవసరానికి అమ్ముకోవలసి వచ్చింది. తండ్రికి దొరికేది రోజుకు వంద, నూట యాభై రూపాయలు. అది చాలక తల్లి కూడా కూలికి వెళ్లేది. దీప్తి తక్కువ మాట్లాడేది. చెప్పిన మాటను అర్థం చేసుకోవడానికి ఎక్కువ సమయం తీసుకునేది. మేధో వికాసం వయసుతో సమానంగా సాగలేదు.

ఆ కుటుంబానికి పేదరికం ఒక పరీక్ష. ఊరి నోరు అంతకంటె పెద్ద పరీక్ష అయినది. ఆ బిడ్డ రూపాన్ని చూసి కొందరు కోతి అన్నారు, కొందరు పిచ్చిది అన్నారు. ఏదైనా అనాథాశ్రమంలో వదిలివేయండని తల్లిదండ్రులకు ఉచిత సలహాలు ఇచ్చినవారు కూడా ఉన్నారు. ఈ సంగతులను ఆ తల్లి తరువాతి కాలంలో పత్రికలవారికి స్వయంగా చెప్పినది. తోటి పిల్లలు ఏడిపించిన రోజున దీప్తి ఏడుస్తూ ఇంటికి వచ్చేది. తల్లి ఆమెకు తీపి అన్నం వండిపెట్టేది. చేతిలో డబ్బు ఉన్న రోజున కోడికూర వండేది. బిడ్డ ముఖం మళ్లీ వికసించేది.

వందో, నూట యాభయ్యో కూలి వచ్చే ఇంట్లో కోడికూర అంటే ఎంత భారమో పేదలకు తెలుసు. లోకం పారవేయమన్న బిడ్డకు ఆ తల్లి తన స్తోమతకు మించిన విందు చేసినది. దీప్తి జీవితంలో తొలి శిక్షకురాలు ఆమె తల్లియే అంటే అతిశయోక్తి కాదు. పరుగు నేర్పలేదు గాని, ఈ ఇంట్లో నీకు చోటున్నదని నేర్పినది. అది నేర్వని బిడ్డ ఏ మైదానంలోను నిలువలేదు.

చూడవలసినవారు చూశారు

దీప్తి పరుగును మొదట గుర్తించినది ఆమె బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. తరగతి గదిలో వెనుకబడిన బిడ్డ మైదానంలో అందరికంటె ముందుండడాన్ని ఆయన గమనించాడు. పోటీలకు తీసుకువెళ్లాడు. ఖమ్మంలో జరిగిన రాష్ట్రస్థాయి పోటీలో ఆమె పరుగు భారత క్రీడా ప్రాధికార సంస్థకు చెందిన శిక్షకుడు నాగపురి రమేశ్ కంటబడినది. బిడ్డను హైదరాబాదుకు పంపండని ఆయన తల్లిదండ్రులను కోరాడు. హైదరాబాదుకు బస్సు చార్జీ పెట్టుకునే స్తోమత కూడా వారికి లేకపోయినది. ఆ అడ్డంకిని కూడా దాటించి ఆయన ఆమెను నగరానికి రప్పించాడు.

మరొకరు కూడా ఇక్కడ స్మరణీయులు. బ్యాడ్మింటన్ శిక్షకుడు పుల్లెల గోపీచంద్. ఆయనతో సంబంధం గల గోపీచంద్ మైత్రా ఫౌండేషన్ ఆమె శిక్షణకు తోడ్పడినది. ఈ అమ్మాయిని మేధో వైకల్య పరీక్షలకు పంపి చూడమని సూచించినవాడు కూడా ఆయనే. సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో పరీక్షలు జరిగాయి. దాని తరువాత ఆమె ముందు పారా క్రీడల ద్వారం తెరుచుకున్నది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. వైకల్యం ఉన్నదని నిర్ధారణ కావడం ఆమెకు అవమానం కాలేదు, మార్గం అయినది. అంతకు ముందు ఊరు కూడా ఆమెలో ఏదో తేడా ఉన్నదనే అన్నది. ఊరు దానికి పెట్టిన పేరు పిచ్చి. నిపుణులు పెట్టిన పేరు మేధో వైకల్యం. మొదటి పేరు తలుపు మూసినది, రెండవ పేరు తలుపు తెరిచినది. మన ఇళ్లలో ఎందరో తల్లిదండ్రులు ఈ రెండింటికీ తేడా తెలియక, పరువు పోతుందన్న భయంతో పరీక్షకు వెళ్లకుండా ఏళ్లు గడిపివేస్తున్నారు.

పరీక్ష ఎందుకంత కఠినం?

టి20 వర్గంలో పోటీపడడానికి ఒక వైద్యుని చీటీ చాలదు. మేధాసూచిక 75 లేదా అంతకు తక్కువ ఉండాలి. డబ్బు లెక్కపెట్టడం, దారి తెలుసుకోవడం, నలుగురితో వ్యవహరించడం వంటి దైనందిన జీవితపు పనులలో ఇబ్బంది ఉన్నట్లు రుజువు కావాలి. ఈ లోపం ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. అంతర్జాతీయ నిపుణులు స్వయంగా పరీక్షించి నిర్ధారించాలి.

ఈ కఠినత్వం వెనుక ఒక సిగ్గుచేటైన చరిత్ర ఉన్నది. 2000 సంవత్సరంలో సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం గలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని పన్నెండు మందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడినది. పతకాలు తిరిగి ఇచ్చివేయవలసి వచ్చినది. కాని శిక్ష అనుభవించినది నిరపరాధులు. 2004 ఏథెన్స్‌లోను, 2008 బీజింగ్‌లోను మేధో వైకల్యం గలవారికి పోటీలే లేకుండా పోయాయి. 2012 లండన్‌లో మాత్రమే వారికి మళ్లీ ప్రవేశం లభించినది. తెలివిగలవారు కొందరు తెలివి లేనట్లు నటించినందుకు నిజంగా బలహీనులైనవారు పన్నెండేళ్లు గుమ్మం బయట నిలబడ్డారు. మోసం చేసినవాని పాపం అతనితోనే ఆగదు అనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి?

ఒక చుట్టు పరుగు

పారాలింపిక్స్‌లో టి20 వర్గానికి రెండే పరుగులు ఉన్నాయి, 400 మీటర్లు, 1500 మీటర్లు. దీప్తిది 400 మీటర్ల పరుగు. మైదానం చుట్టూ సరిగా ఒక చుట్టు. 800 మీటర్ల నుండి మధ్యదూర పరుగుగా లెక్కిస్తారు. 400 దాని గడప వంటిది. వందమీటర్ల వీరునికి వేగం ఉంటే చాలు. ఇక్కడ వేగమూ కావాలి, ఓర్పూ కావాలి, రెంటినీ ఎక్కడ ఎంత ఖర్చు చేయాలో తెలియాలి. మొదట్లోనే శక్తి అంతా వెచ్చించినవారికి చివరి వంద మీటర్లలో కాళ్లు రాళ్లవుతాయి. మరీ దాచుకున్నవారు వెనుకబడిపోతారు. పైగా ఎవరి గీతల మధ్య వారే పరుగెత్తాలి. బయటి గీతలలో ఉన్నవారు వంపు కారణంగా ముందు నుండి బయలుదేరుతారు గనుక, నిజానికి ఎవరు ముందున్నారో చివరి మలుపు తిరిగేవరకు కంటికి తెలియదు.

ఇదంతా లెక్కతో కూడిన వ్యవహారం. లెక్క పట్టుబడని మనసుకు ఇది నేర్పడం ఎలా? ఒకసారి చెప్పి ఊరుకుంటే కాదు. అదే మైదానంలో, అదే మాటను, అదే క్రమంలో వందలసార్లు చెప్పాలి, చేయించాలి. బుర్రకు అందనిదాన్ని కాళ్లకు అలవాటు చేయాలి. మదరసాలో చిన్నపిల్లలకు కంఠస్థం చేయించేవారికి ఈ మార్గం కొత్తది కాదు. ఒక పిల్లవానికి మూడుసార్లు చాలిన పాఠం మరొకనికి ముప్పైసార్లు కావలసి వస్తుంది. ముప్పైసార్లు చెప్పే ఓపిక ఉన్నవాడే ఉస్తాద్.

పతకాల దారి

ఫలితాలు వరుసగా రాసాగాయి. 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా పారా క్రీడలలో దీప్తి 56.69 సెకన్లలో పరుగు ముగించి స్వర్ణం గెలిచినది. ఆ గెలుపుతో వచ్చిన సొమ్ముతో ఆ కుటుంబం ఒకనాడు అమ్ముకున్న భూమిని తిరిగి కొనుక్కున్నది. అనాథాశ్రమంలో వదిలివేయమన్న బిడ్డ తల్లిదండ్రులకు వారి నేలను తిరిగి ఇప్పించినది.

2024 మే 20న జపానులోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు. అప్పటివరకు ఆ వర్గంలో రికార్డు అమెరికాకు చెందిన బ్రియానా క్లార్క్ పేరిట ఉన్నది, 55.12 సెకన్లు. దీప్తి 55.07 సెకన్లలో గీత దాటినది. తేడా సెకనులో ఇరవయ్యవ వంతు. రెప్పపాటు కంటె తక్కువ కాలం. కాని ఆ రెప్పపాటుతో భూగోళం మీద ఆ వర్గంలో ఆమె కంటె వేగంగా ఒక చుట్టు పరుగెత్తిన స్త్రీ మరొకరు లేకుండా పోయారు.

అదే సంవత్సరం సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ ఫైనల్. ముందు రోజే తుర్కియే అమ్మాయి ఐసెల్ ఒండెర్ 54.96 సెకన్లతో దీప్తి రికార్డును చెరిపివేసినది. ఫైనల్‌లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16 సెకన్లతో స్వర్ణం, ఒండెర్ 55.23 సెకన్లతో రజతం, దీప్తి 55.82 సెకన్లతో కాంస్యం గెలిచారు. మొదటి స్థానానికీ మూడవ స్థానానికీ మధ్య దూరం సెకనులో మూడింట రెండు వంతులు. పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి మేధో వైకల్య భారత క్రీడాకారిణిగా దీప్తి పేరు నమోదైనది. ఆ క్రీడలలో మన దేశానికి మొత్తం 29 పతకాలు వచ్చాయి. అందులో ఒకటి కల్లెడది.

రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు కోటి రూపాయలు, గ్రూప్-2 స్థాయి ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించినది. శిక్షకునికి కూడా పదిలక్షల రూపాయలు ప్రకటించినది. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆమె అర్జున పురస్కారం అందుకున్నది. ఆ సంవత్సరమే ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో 55.16 సెకన్లతో రజతం గెలిచినది. స్వర్ణం మళ్లీ ఒండెర్‌దే. గెలుపు ఒకరి ఇంట్లో శాశ్వతంగా నివసించదు. రికార్డు పోయినా పరుగు ఆపకపోవడంలోనే క్రీడాకారుని నిజమైన స్థాయి తెలుస్తుంది.

ఒకనాడు ఎగతాళి చేసిన నోళ్లే నేడు మా ఊరి పిల్ల అని చెప్పుకుంటున్నాయి. సంతోషమే. కాని ఒక ప్రశ్న మిగిలిపోతున్నది. పతకం రాకపోయి ఉంటే? పరుగు రాని, పాట రాని, ఏ ప్రత్యేక నైపుణ్యమూ లేని మందబుద్ధి బిడ్డ ఎగతాళికి తగినదేనా? గౌరవం పతకానికి ఇచ్చే బహుమతి అయితే అది గౌరవం కాదు, బేరం.

మన ఇళ్లలో మాట

ఈ విషయంలో మన ధర్మం మనకు సందేహం మిగల్చలేదు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దని, చెడ్డ పేర్లు పెట్టి పిలుచుకోవద్దని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో స్పష్టంగా ఆదేశించినది. అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)ను దైవప్రవక్త (స) అజాన్ ఇచ్చే బాధ్యతకు నియమించారు. తాము ప్రయాణమై వెళ్లినప్పుడు మదీనా వ్యవహారాలను కూడా ఆయనకు అప్పగించారు. ఈ సంగతులు మన పిల్లలకు పాఠాలుగా చెబుతాము. ఇక నిత్యవ్యవహారంలోకి వస్తే, పాఠం రాని పిల్లవాడు ఇంట్లో పాగల్, వీధిలో దీవానా, తరగతిలో మొద్దు. పెళ్లిళ్లలో అటువంటి బిడ్డను లోపలి గదిలోనే ఉంచే ఇళ్లు కూడా ఉన్నాయి. అక్కచెల్లెళ్ల సంబంధాలు చెడిపోతాయని భయం.

నాచారం, ఉప్పల్ వంటి పేటల్లో ఇంకొక కష్టం ఉన్నది. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్తారు. పిల్లవాడు దాదీ దగ్గరనో, వీధిలోనో పెరుగుతాడు. వానికి మాట ఆలస్యమవుతున్నదని, పిలిస్తే పలకడం లేదని గమనించే తీరిక ఎవరికీ ఉండదు. గమనించిన దాదీ కూడా, వాళ్ల అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు, ఫరవాలేదు అంటుంది. నిజంగానే ఫరవాలేకపోవచ్చు. కాని ఆ మాట చెప్పవలసినది పరీక్షించిన నిపుణుడు.

ఏమి చేయాలి?

మొదట పిల్లవాని వినికిడిని, చూపును పరీక్ష చేయించాలి. మొద్దు అని పేరుబడిన పిల్లలలో కొందరికి ఉన్న లోపం చెవిలో, కంటిలో మాత్రమే. బల్ల మీద అక్షరం కనబడనివాడు పాఠం ఎలా చదువుతాడు? అక్కడ లోపం లేదని తేలితే మేధో వికాస పరీక్షకు తీసుకువెళ్లాలి. దీనికి మనం దూరదేశాలు పోనక్కరలేదు. దీప్తికి పరీక్ష జరిగిన జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థ సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉన్నది. 1984లో స్థాపితమైన కేంద్రప్రభుత్వ సంస్థ ఇది. ఉప్పల్ నుండి తార్నాక, సికింద్రాబాదుల మీదుగా బోయినపల్లి వైపు వెళితే చేరుకోవచ్చు. మేధాసూచిక పరీక్షతో పాటు మాట నేర్పడం, స్వంత పనులు చేసుకోవడం నేర్పడం, తల్లిదండ్రులకు మార్గదర్శనం వంటి సేవలు అక్కడ లభిస్తాయి.

వైకల్యం నిర్ధారణ అయితే ధ్రువీకరణ పత్రం, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. మేధో వైకల్యం వాటిలో ఒకటి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకం క్రింద ఇటువంటి పిల్లలకు సంవత్సరానికి లక్ష రూపాయల వరకు వైద్య బీమా ఉన్నది. ఇది భిక్ష కాదు, పౌరునిగా ఆ బిడ్డ హక్కు. కార్డు తీసుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని వెనుకాడకండి. ఊరందరికీ ఎలాగూ తెలుసు. తెలియనిది సహాయం దొరికే చోటు మాత్రమే.

ఇక ఇంట్లో చేయవలసినది. బిడ్డకు ఒకేసారి నాలుగు పనులు చెప్పకండి. ఒక పని చెప్పండి, చేసి చూపండి, చేయించండి. అది పూర్తయిన తరువాత రెండవది. వాడు చేయగలిగిన పని ఒకటి కనిపెట్టి ప్రతి దినం వానికే అప్పగించండి. నీళ్లు తేవడం, దస్తర్‌ఖాన్ పరచడం, చెట్లకు నీరు పోయడం, ఏదైనా సరే. ఇంటికి నేనూ పనికివస్తానన్న నమ్మకం ఏ మందుకంటెను బలమైనది. ఆటకు పంపండి. బాగా పరుగెత్తుతాడని గమనిస్తే వ్యాయామ ఉపాధ్యాయునికి చెప్పండి. దీప్తిలా పతకం తెస్తాడని కాదు, వాని శరీరం వానికి ఆనందం ఇవ్వాలని. ఉస్తాద్‌లకు, టీచర్లకు బిడ్డ పరిస్థితిని దాచకుండా చెప్పండి. దాచినందువల్ల దెబ్బలు తినేది బిడ్డయే.

తరగతిలో తోటి పిల్లల బాధ్యత పెద్దలది. ఒక పిల్లవాడు మరొకనికి పేరు పెట్టినప్పుడు పెద్దలు నవ్వి ఊరుకుంటే ఆ పేరు స్థిరపడిపోతుంది. అక్కడికక్కడే ఆపి, అసలు పేరుతో పిలిపిస్తే పది రోజుల్లో ఆ అలవాటు చస్తుంది. తల్లిదండ్రులు ఎంతో ఆలోచించి, పెద్దలను సంప్రదించి, అఖీఖా చేసి పెట్టిన పేరు అది. దాన్ని తీసివేసే హక్కు వీధికి లేదు.

దీప్తి విజయం ఒక్క దీప్తిది కాదు. తీపి అన్నం వండిన తల్లి, మైదానం వైపు చూసిన వ్యాయామ ఉపాధ్యాయుడు, బస్సు చార్జీ లేదని తెలిసి కూడా వదలని శిక్షకుడు, పరీక్ష చేయించమన్న పెద్దమనిషి, ఈ నలుగురిలో ఏ ఒక్కరు ముఖం తిప్పుకున్నా ప్రపంచానికి ఆమె పేరు తెలిసేది కాదు. మన పేటలో అటువంటి బిడ్డ ఏ ఇంట్లో ఉన్నాడో మనకు తెలుసు. ఆ నలుగురిలో ఒకరు కావడం మన చేతిలోనే ఉన్నది. బలహీనులను చిన్నచూపు చూడని కళ్లను, వారికి చెడ్డ పేర్లు పెట్టని నాలుకలను అల్లాహ్ మనకు, మన సంతానానికి ప్రసాదించుగాక! ఆమీన్.